మైకమ్మ దగ్గు

మైకమ్మ దగ్గకూడదని ఒట్టు పెట్టుకుంది. పెట్టుకున్న దగ్గర్నుంచీ దగ్గు ఆవిడ మీద పగబట్టింది.

బస్టాండులో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. మేడ మీద అద్దాల గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో, ఏది అసలు రాదో ఏళ్ళ తరబడి చెబుతోంది గనక మైకమ్మ అయిపోయింది. గొంతు మరీ పెద్దదేం కాదు, కానీ గట్టిది. "ప్రయాణికులకు గమనిక" అని ఆవిడ అన్నదంటే, బెంచీల మీద గుర్రుపెట్టి నిద్రపోయేవాళ్ళు కూడా ఉలిక్కిపడి లేచి సామాను తడుముకుంటారు. పక్క బల్ల దగ్గర కూర్చునే స్టేషన్ కంట్రోలర్, తన భార్య మాటకన్నా ఈవిడ మాటే ఎక్కువ విన్నానని అందరితో చెప్పుకుంటాడు.

ఆ గొంతుకి జానెడు కింద, ఎడమ రొమ్ములో మొదలైన జబ్బు, ఆపరేషన్‌తో పోయినట్టే పోయి మళ్ళీ వచ్చింది. ఈసారి చెప్పాపెట్టకుండా వచ్చి ఎముకల్లో కొంత, కాలేయంలో కొంత కాపురం పెట్టేసింది. ఉన్న మందులన్నీ వాడారు. ఒక్కొక్కటీ కొన్నాళ్ళు పనిచేసి చేతులెత్తేసింది. అప్పుడు డాక్టరమ్మ కొత్త మందు సంగతి ఎత్తింది. అది ఇంకా బజార్లోకి రాలేదని, పరీక్షలో ఉందని, దాన్ని ట్రయల్ అంటారని, ఏం మేలు చేస్తుందో ఏం కీడు చేస్తుందో తెలుసుకోవడానికే ఇస్తారని, ఇష్టమైతేనే చేరమని, వద్దనుకుంటే ఎప్పుడైనా మానెయ్యొచ్చని దాచకుండా చెప్పింది.

"అంటే నా మీద ప్రయోగం చేస్తారన్నమాట," అంది మైకమ్మ.

"మీతో కలిసి చేస్తాం," అంది డాక్టరమ్మ.

"మాట బాగుంది. మందు కూడా ఇంత బాగుంటే చాలు," అని సంతకం గీకేసింది.

మందు బాగానే ఉంది. మూడు వారాలకోసారి చేతికి సూది గుచ్చి ఎక్కించేవారు. రెండో స్కానులోనే కాలేయంలో గడ్డలు సగానికి సగం తగ్గాయి. నడుం నొప్పి మాత్రల డబ్బా వారానికోసారి ఖాళీ అయ్యేది కాస్తా నెలకోసారి కూడా అవడం మానేసింది. మైకమ్మ మళ్ళీ మెట్లెక్కి అద్దాల గదిలోకి వచ్చి కూర్చుంది. ఆ రోజు ఆలస్యంగా వచ్చే బస్సుల గురించి కూడా శుభవార్త చెప్పినట్టు చెప్పిందని కంట్రోలర్ వెక్కిరించాడు. చావుని గుమ్మంలోంచి వెనక్కి నెట్టినదానికి ఆ మాత్రం హుషారు ఉండదా మరి?

అదిగో, సరిగ్గా అప్పుడు మొదలైంది దగ్గు. కఫం లేదు, జ్వరం లేదు. ఊరికే గొంతులో ఎవరో ఈకతో గోకినట్టుండే పొడి దగ్గు. మామూలు మనిషైతే చెప్పేసేది. కానీ ఆసుపత్రి రెండో అంతస్తులో, ఆ హాల్లో కూర్చున్న మనిషెవరూ చెప్పరు.

ఆ హాల్లో నీలం కుర్చీలుంటాయి. గోడ మీద గొంతు నొక్కేసిన టీవీ ఉంటుంది. మూల ఒక చేపల తొట్టి, అందులో చేపలుండవు. నీళ్ళు మాత్రం ఎవరో శ్రద్ధగా మారుస్తుంటారు. ఆ తొట్టి పక్కన కూర్చునే ఆడవాళ్ళంతా ఒకే మందు మీద ఉన్నవాళ్ళు. వాళ్ళకో కట్టుబాటు ఉంది. ఏ బాధైనా హాల్లోనే చెప్పుకోవాలి. తలుపు దాటి లోపలికెళ్ళాక అంతా బాగున్నట్టే.

మందు ఆపేస్తారేమోనన్న భయం ముందునుంచీ ఉన్నదే, ఒకావిడ సంగతితో అది కట్టుబాటుగా బిగిసింది. పూలావిడ అని ఒకావిడ వచ్చేది. పూల దుకాణం మనిషి, వచ్చిన ప్రతిసారీ అందరి ఒళ్ళోనూ తలో పువ్వు పెట్టేది. ఒకరోజు లోపలికెళ్ళి, ఆయాసంగా ఉందని చెప్పింది. ఆ పూటే ఆవిడకి మందు ఆపేశారు. తర్వాత ఆవిడ ఆ హాల్లో కనపడలేదు. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయేది. ఇంకేముంది, నోరు విప్పితే మందు పోతుంది, మందు పోతే ప్రాణం పోతుంది అని హాలంతా తీర్మానించేసుకుంది. ముందుండి ఆ తీర్మానం చేయించింది మైకమ్మ అక్క.

అక్క గురించి చెప్పుకోవాలి. కర్టెన్లు కుట్టి బతికే మనిషి. తల్లి పోయాక చెల్లెల్ని ఎత్తుకు మోసి పెంచింది. తన మొగుడు పోయాక, పెళ్ళీ పెటాకులూ లేని చెల్లెలి ఇంటికే మిషనుతో సహా వచ్చేసింది. ట్రయల్లో చేరింది చెల్లెలైనా జవాబులు చెప్పేది మాత్రం అక్కే. లోపల ప్రశ్నలు అడగడానికి ఒక అమ్మాయి ఉండేది. ఆసుపత్రి లెక్కలో కోఆర్డినేటరు, హాలు లెక్కలో ప్రశ్నలమ్మాయి. ఆ పిల్ల మైకమ్మ మొహం చూసి అడిగేది, జవాబు పక్క కుర్చీలోంచి వచ్చేది.

"ఆకలి ఎలా ఉందమ్మా?"

"రాళ్ళు పెట్టినా అరిగించుకుంటుంది," అనేది అక్క.

"ఆయాసం ఏమైనా?"

"దానికా? దాని వెనక నడవలేక నాకొస్తోంది."

"దగ్గు?"

"దగ్గా! మైకు ముందు కూర్చునే మనిషమ్మా అది. దగ్గితే ఎవరైనా ఉద్యోగంలో ఉంచుతారా?"

ప్రశ్నలమ్మాయి నవ్వి, "లేదు" అని కంప్యూటర్లో కొట్టుకునేది. పక్కనే మైకమ్మ, గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా కిక్కురుమనకుండా కూర్చునేది. బయటికొచ్చి, హాలు దాటి, లిఫ్టు పక్క సందులోకి దూరి, అప్పుడు దగ్గేది. అక్క వీపు రాసేది.

కొత్తగా చేరినవాళ్ళకి కూడా అక్క పాఠం చెప్పేది. అరికాళ్ళు మండుతుంటే కొత్త చెప్పులు కరిచాయని చెప్పాలి. నోట్లో పుళ్ళుంటే వేడి టీ తాగానని చెప్పాలి. లెక్కల టీచరమ్మ ఒకావిడ ఉండేది, అక్క శిష్యుల్లో మొదటి ర్యాంకు. ఇంటి దగ్గరే అద్దం ముందు నిలబడి నవ్వు సరిచూసుకుని వచ్చేదట. బళ్ళో పిల్లలు అబద్ధం చెబితే చెవి మెలేసిన చేత్తోనే, ఇక్కడ అన్ని ప్రశ్నలకీ "బాగుంది" అని సంతకం పెట్టేది.

ఇక బస్టాండులో మైకమ్మ దగ్గర ఒక కిటుకు ఉండేది. బల్ల మీది మైకుకి మెడ దగ్గర చిన్న మీట. నొక్కితే గొంతు ఊరంతటిదీ, వదిలితే తనొక్కదానిదీ. దగ్గు తన్నుకొస్తోందని తెలియగానే వేలు మీట వదిలేసేది. దగ్గడం అయ్యాక మళ్ళీ నొక్కి, ఆపిన మాట దగ్గరే అందుకునేది. కింద ప్రయాణికులకి మధ్యలో చిన్న ఖాళీ వినపడేది, అంతే. ఇన్నేళ్ళ అనుభవం ఆ వేలికి ఉంది. దగ్గుకి జడిసి ప్రాణం వదులుకోవడానికి నేనేం పిచ్చిదాన్నా అనుకునేది మైకమ్మ. మందుని పళ్ళతో పట్టుకుని వేలాడతాను గానీ వదలను అనుకునేది. ఆ పంతంలో తప్పేముంది చెప్పండి? బతకాలనుకోవడం తప్పెలా అవుతుంది?

ఆ సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ. ఐదో ప్లాట్‌ఫాం మీద బస్సు నిండా జనం, డోరు దగ్గర వేలాడేవాళ్ళు వేరే. డ్రైవరు ఇంజను ఆపి దిగిపోయి, బ్రేకు తొక్కితే ఏదో చప్పుడొస్తోంది, నేను తియ్యనన్నాడు. డిపో నుంచి ఫోను. మైకమ్మ ఎడమ చేత్తో ఫోను చెవికి నొక్కుకుని, కుడిచేత్తో మీట నొక్కింది.

"ప్రయాణికులకు గమనిక. ఐదో ప్లాట్‌ఫాం మీద ఉన్న బస్సు, బ్రేకుల మరమ్మతు కారణంగా రద్దు చేయడమైనది. దయచేసి ప్రయాణికులందరూ..."

అంతే. దగ్గు వచ్చేసింది. ముందుగా ఈక గోకలేదు, హెచ్చరికా ఇవ్వలేదు. ఒక్కసారిగా లోపలినుంచి తోసుకుంటూ వచ్చింది. వేలు మీట వదలాల్సింది పోయి బిగుసుకుపోయింది. ప్లాట్‌ఫాంలన్నిటి మీదా, మూత్రశాలల ముందూ, టికెట్ కిటికీల పైనా, సైకిల్ స్టాండు గోడ మీదా ఉన్న స్పీకర్లన్నీ కలిసి దగ్గాయి. ఆగినట్టే ఆగి మళ్ళీ దగ్గాయి. రేకుల కప్పు మీది పావురాలు లేచిపోయాయి. బస్సు రద్దయిందని తిడుతున్నవాళ్ళు సైతం తిట్టడం మానేసి తలలెత్తి చూశారు. కంట్రోలర్ పరుగున వచ్చి ఆవిడ వేలు మీట మీంచి పీకేదాకా అది సాగింది.

కంట్రోలర్ నీళ్ళగ్లాసు ఇచ్చి, రద్దయిన బస్సు సంగతి చూడ్డానికి కిందికి దిగాడు. మైకమ్మ రొప్పుతూ కూర్చుంది. తలుపు ఎవరో తట్టారు.

ప్రశ్నలమ్మాయి. భుజాన సంచీ, చేతిలో గొడుగు. రోజూ ఇంటికెళ్ళడానికి ఐదో ప్లాట్‌ఫాం మీద నిలబడే వందమందిలో ఆ పిల్లా ఒకతె అని మైకమ్మకేం తెలుసు?

"అమ్మా, అది మీ దగ్గేనా?"

"కాదు, స్పీకర్లకి జలుబు చేసింది," అంది మైకమ్మ.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నా దగ్గు వినడానికి నువ్వేమన్నా టికెట్ కొన్నావా అమ్మాయ్? ఇది ఆసుపత్రి కాదు. ఇక్కడ ప్రశ్నలడిగేది ప్రయాణికులు, జవాబు చెప్పేది నేను. బస్సు రద్దయింది, రెండో ప్లాట్‌ఫాంకి వెళ్ళు."

ఆ పిల్ల కదల్లేదు. గొడుగు గోడకి ఆనించింది. "ఈ మందుకి ఊపిరితిత్తుల్లో వాపు వచ్చే గుణం ఉందమ్మా. చేరిన రోజున డాక్టరు గారు చెప్పారు, నేనూ చెప్పాను. మొదట్లో పొడి దగ్గులాగే ఉంటుంది. మొదట్లో పట్టుకుంటే వైద్యం ఉంది. ముదిరాక..." అని ఆగింది.

"ముదిరాక చస్తాను. మందు ఆపినా చస్తాను. ఏదో ఒకటి నన్ను ఎంచుకోనీ."

"ఎంచుకోండి. కానీ మీరు ఎంచుకోవడం లేదు, దాస్తున్నారు."

ఆ మాటకి మైకమ్మ ఒంటికాలి మీద లేచేదే. అంతలో తలుపు దబాల్న తెరుచుకుని, టై కట్టుకున్న పెద్దమనిషొకడు లోపలికి దూసుకొచ్చాడు. రద్దయిన బస్సు తాలూకు శాల్తీ. వాళ్ళ కూతురి పుట్టినరోజుట, కేకు డబ్బా చేతిలోనే ఉంది. "ఏదో చిన్న చప్పుడట! చప్పుడు రాని బస్సు ఏదమ్మా మీ దగ్గర? ఆ డ్రైవరు నోరు మూసుకుని తీసుంటే ఈపాటికి ఇంట్లో ఉండేవాణ్ణి!" అని ఇంతెత్తున ఎగిరాడు.

మైకమ్మకి ఎక్కడలేని ఊపూ వచ్చింది. ఇలాంటివాళ్ళని ఎంతమందిని చూడలేదూ! "నోరు మూసుకుని తీసుంటే ఇంటికి కాదు బాబూ, వంతెన కిందకి వెళ్ళేవాడివి, కేకుతో సహా! చప్పుడొస్తోందని నిజం చెప్పిన మనిషికి దండం పెట్టాల్సింది పోయి తిడతావా? చెప్పకుండా నడిపేవాడు నీ ప్రాణంతోనే కాదు, వెనకాల కూర్చున్న వాళ్ళందరి ప్రాణాలతోనూ ఆడుకుంటున్నట్టు..."

మధ్యలో ఆగిపోయింది.

పెద్దమనిషి ఏదో గొణుక్కుంటూ కేకు పట్టుకుని దిగిపోయాడు. గదిలో ఫ్యాను తిరుగుతోంది. ప్రశ్నలమ్మాయి ఒక్క మాట అనలేదు, నవ్వనూ లేదు. అదే మైకమ్మకి మరీ మండింది. ఏదో ఒకటి అంటే తిరిగి తిట్టడానికి వీలుండేది.

"ఏం, అలా చూస్తావేం?"

"ఏం లేదమ్మా. రేపు మీ మందు రోజు. మీరు చెప్పకపోతే నేను విన్నది డాక్టరు గారికి నేను చెప్పాల్సిందే. మీరే చెబితే బాగుంటుంది."

"పూలావిడ చెప్పిందిగా! ఏం చేశారు ఆవిణ్ణి?"

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "ఇంకొకరి గురించి చెప్పే హక్కు నాకు లేదమ్మా," అని గొడుగు తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "ఆవిడ పెట్టిన పువ్వులు నా పుస్తకంలో ఇంకా ఉన్నాయి," అంది. వెళ్ళిపోయింది.

మైకమ్మ బస్సులో ఇంటికెళుతూ పూలావిణ్ణే తలుచుకుంది. ఆవిడ ఆయాసంగా ఉందని చెప్పిన రోజు హాలందరికీ గుర్తుంది. దానికి ముందు రోజులు మాత్రం ఎవరూ తలుచుకోరు. మైకమ్మ ఇప్పుడు తలుచుకుంది. పూలావిడ కుర్చీ చేతులు పట్టుకుని రొప్పడం, మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడం, పువ్వులు పంచడానికి లేవలేక బుట్టనే చేతులు మార్చి పంపడం. అన్నీ చూశారు. అందరూ చూశారు. వీపు రాశారు, నీళ్ళు తాగించారు, లోపల నవ్వు మొహం పెట్టమని బతిమాలారు. ఆవిడ ఎన్ని విడతలు అలా నవ్వి వచ్చిందో!

ఇంట్లో అక్క మిషను మీద ఉంది. ఎవరిదో హోటలు కర్టెను, గదంతా పరుచుకుని ఉంది. మైకమ్మ చెప్పులు విడవకుండానే చెప్పేసింది.

"రేపు దగ్గు సంగతి చెప్పేస్తానక్కా."

మిషను ఆగింది. "పిచ్చెక్కిందా ఏమే?"

"ఆ పిల్లకి తెలిసిపోయింది. తెలియకపోయినా చెప్పేదాన్నే."

"చెప్పు. మందు ఆపేస్తారు. ఆపాక ఆ గడ్డలు మళ్ళీ మొలుస్తాయి. అప్పుడు నేనేం చెయ్యాలి? ఈ గుడ్డలు కుట్టుకుంటూ నిన్ను తలుచుకుంటూ కూర్చోవాలా?" అక్క లేచింది. "చేతుల్లో పెంచాను నిన్ను. నీ కోసం ఎన్ని అబద్ధాలైనా చెబుతాను. ఎవరి కాళ్ళైనా పట్టుకుంటాను."

"నీ అబద్ధాల వల్లే బతుకుతున్నానా నేను? మందు వల్ల బతుకుతున్నాను. ఆ మందుకే అబద్ధం చెబుతున్నాం మనం. పూలావిడ చెప్పినందుకు పోలేదక్కా. ఆలస్యంగా చెప్పినందుకు పోయింది. ఆలస్యం చెయ్యమన్నదెవరు? నువ్వు. నేను. ఆ నీలం కుర్చీలన్నీ కలిసి ఆవిణ్ణి మింగాయి."

అక్క చెంప మీద కొట్టినట్టు నిలబడింది. చివరికి, "రేపు నువ్వు నోరు విప్పేటట్టయితే నేను రాను," అని, కర్టెను ఎత్తి మళ్ళీ మిషను కింద పెట్టింది. కుట్టు మాత్రం వంకర పోతోంది.

మర్నాడు మైకమ్మ ఒక్కత్తే వెళ్ళింది. ఇంకా నయం కాలేదని తెలుసు. గడ్డలు సగమే తగ్గాయి, మిగతా సగం లోపలే కాచుకుని కూర్చున్నాయి. ఈ మందు తప్ప వాటికి జడుపు పుట్టించేది ఇంకోటి లేదు. తన నోటితో తనే ఆ మందుని వదిలించుకోబోతోందేమో. భయమేసింది. అబద్ధమెందుకు, బాగా భయమేసింది. అయినా వెళ్ళింది. హాల్లో టీచరమ్మ నవ్వు సిద్ధం చేసుకుని కూర్చునుంది. "అక్కేదీ?" అంది. "ఈపూట అద్దెనోరు తేలేదు," అని మైకమ్మ తలుపు తోసింది.

లోపల ప్రశ్నలమ్మాయి పక్కన ఇవాళ డాక్టరమ్మ కూడా ఉంది.

"మీరేమీ అడక్కండి, నేనే చెబుతాను," అంది మైకమ్మ కూర్చుంటూనే. "నాకు దగ్గుంది. పొడి దగ్గు. రెండు వారాల నుంచి..."

"అబద్ధం!" అని వెనకనుంచి వినపడింది.

గుమ్మంలో అక్క. పరిగెత్తుకొచ్చినట్టుంది, జుట్టు చెదిరిపోయింది, భుజం మీద నీలం దారప్పోగు అంటుకుని ఉంది. "రెండు వారాలు కాదు డాక్టరమ్మా, నెల దాటింది. పడుకుంటే ఎక్కువవుతుంది, రెండు దిళ్ళు పెట్టుకుంటోంది. మెట్లెక్కితే ఆయాసం. నాతో పాటు నడిచేది, ఇప్పుడు నేనే దాని కోసం ఆగుతున్నాను. ఇన్నాళ్ళూ లేదని చెప్పింది నేను. తిట్టేదుంటే నన్ను తిట్టండి." అని గోడకి ఆనుకుని చేతుల్లో మొహం దాచుకుంది.

డాక్టరమ్మ ఎవర్నీ తిట్టలేదు. కానీ మొహం ఎర్రబడింది. మైకమ్మ వీపు మీద గొట్టం పెట్టి ఊపిరి తీసుకోమంది, వేలికి పట్టకారు లాంటిది తగిలించి అంకె చూసింది. "ఇవాళ మందు లేదు. ఇప్పుడే స్కానుకి వెళ్ళండి," అంది. స్కాను వచ్చింది. రెండు ఊపిరితిత్తుల కిందిభాగంలో పల్చటి మబ్బులా వాపు. ఇంకా ముదరలేదు. మాత్రలు రాసిచ్చింది.

"మందు మళ్ళీ ఇస్తారా?" అని అడిగింది మైకమ్మ.

"తెలీదు. వాపు పూర్తిగా పోతే, తక్కువ మోతాదుతో మొదలుపెట్టడానికి అనుమతి అడుగుతాను. పోకపోతే ఇవ్వలేను. ఇస్తానని అబద్ధం చెప్పలేను."

మైకమ్మ తల దించలేదు. కుర్చీ ముందుకి లాక్కుంది. "సరే. నేను నిజం చెప్పాను, మీరూ నిజం చెప్పారు. ఇంకొక్కటి. నా దగ్గు మీ లెక్కల్లోకి ఎక్కాలి. ఇన్నాళ్ళూ దాచానన్నది కూడా ఎక్కాలి. ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో కాదు. ఈ మందు మీ కంపెనీ వాళ్ళదనుకుంటున్నారేమో, సగం నాది. నా ఒంట్లోనే కదా తిరిగింది! అది చేసిన మంచి నా వల్లే తెలిసింది, చేసిన చెడు కూడా నా వల్లే తెలియాలి. ఇక మందు ఆపారు కదా అని నన్ను పాత టికెట్టులా చింపి పారేస్తే ఊరుకోను. ప్రతి వారం వస్తాను. గుమ్మంలో కూర్చుంటాను. వాపు తగ్గిందా లేదా అని మిమ్మల్నే ప్రశ్నలడుగుతాను."

"రండి," అంది డాక్టరమ్మ. "రాకపోతే నేనే బస్టాండుకొస్తాను."

బయటికొచ్చేసరికి హాలంతా వీళ్ళకేసే చూస్తోంది. చేతికి సూది లేదు, దూది లేదు. మందు ఎక్కలేదని చూడగానే తెలిసిపోతుంది. ఎవరో "అయ్యో" అన్నారు. పూలావిడ కథే మళ్ళీ మొదలైందని ఆ మొహాలు చెబుతున్నాయి. టీచరమ్మ ఒళ్ళో చేతులు బిగించుకుని, పెదవుల మీద నవ్వు అలాగే ఉంచుకుని, లోపలికి పిలుపు కోసం చూస్తోంది. ఆ నవ్వు చూసి మైకమ్మకి ఒళ్ళు మండిపోయింది.

వెళ్ళి చేపల తొట్టి పక్కన నిలబడింది. మీట లేదు, మైకు లేదు. ఉన్న గొంతే ఎత్తింది.

"ప్రయాణికులకు గమనిక!"

హాలు ఉలిక్కిపడింది. ఒకావిడ అలవాటుగా సంచీ తడుముకుంది కూడా.

"ఈ మందు మీద ప్రయాణం చేయుచున్న వారందరికీ తెలియజేయడమైనది. పొడిదగ్గు గానీ, ఆయాసం గానీ ఉన్నవారు నవ్వు మొహం పెట్టుకుని లోపలికి వెళ్ళరాదు. వెళ్ళగానే మొట్టమొదట అదే చెప్పవలెను. నేను చెప్పాను. నాకు మందు ఆపారు. మళ్ళీ ఇస్తారో లేదో తెలియదు." ఇక్కడ గొంతు కొంచెం జారింది. ప్రకటన భాష కూడా జారిపోయింది. "అయినా చెప్పాను. ఎందుకంటారా? మనం దగ్గట్లేదని చెబితే, ఈ మందుకి దగ్గు రాదని రాసుకుంటారు. రేపు మన తర్వాత ఈ కుర్చీల్లో ఎవత్తో కూర్చుంటుంది. దగ్గు రాదులే అని చెప్పి ఎక్కిస్తారు దానికి. ఆ పాపం నాకొద్దు. జబ్బు ఎలాగూ నా ఒళ్ళు తింటోంది, నోరు కూడా దానికెందుకు పెట్టాలి? బతికితే నిజంగా బతుకుతాను. పోతే నిజం చెప్పి పోతాను. పూలావిడ రొప్పుతుంటే మనమంతా నవ్వమన్నాం. ఇంకొకరిని అలా నవ్వించి పంపితే నేనూరుకోను. నన్ను ఇక్కణ్ణుంచి గెంటేసేదాకా ఈ ప్రకటన మళ్ళీ మళ్ళీ వినిపిస్తూనే ఉంటుంది!"

గుమ్మంలో ప్రశ్నలమ్మాయి నిలబడి ఉంది. తర్వాతి పేరు పిలవాల్సింది, పిలవలేదు.

టీచరమ్మ నవ్వు ముందు పెదవుల దగ్గర చెదిరింది. లేచి నిలబడబోయి కుర్చీ చెయ్యి పట్టుకుంది. "నాక్కూడా ఉంది," అంది. "దగ్గు కాదు, ఆయాసం. లిఫ్టు రాలేదని అబద్ధం చెప్పి కింద బెంచీ మీద కూర్చుంటున్నాను." అని ఏడ్చేసింది.

అక్క ఆవిడ దగ్గరికి వెళ్ళింది. భుజం కింద చెయ్యి వేసి లేపింది. తను పాఠం చెప్పి పైకి తెచ్చిన శిష్యురాల్ని తనే తలుపు దాకా నడిపించింది. "పద," అంది. "ఈసారి నేను మాట్లాడను. నువ్వే చెప్పు."

మైకమ్మకి మళ్ళీ ఈక గోకింది. అలవాటుగా లిఫ్టు పక్క సందు వైపు రెండడుగులు వేసి, ఆగింది. ఇంకెందుకు? వెనక్కి వచ్చి, నీలం కుర్చీలో దర్జాగా కూర్చుని, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని, హాలంతా వినపడేలా దగ్గింది.